పదచ్ఛేదం చేయక తాత్పర్యమా?

అంబాసిడర్ క్లచ్ మొరాయించిందనగానే, చూడకుండానే "ప్లేటు పోయింది, గేర్‌బాక్సు దింపాలి" అనేవారే ఎక్కువ. పదచ్ఛేదం చేయకుండా తాత్పర్యం చెప్పడమిది! క్లచ్ జారడం వేరు, విడవకపోవడం వేరు. నల్లగండ్ల ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తున్నా బండి సాగకపోతే ప్లేటును అనుమానించడం న్యాయమే. గేరు గరగరలాడుతూ పడనంటే మాత్రం, ముందు మాస్టర్ సిలిండరు డబ్బాలో బ్రేక్ ఆయిలు ఉన్నదో లేదో చూడాలి. పెడలును వరుసగా నాలుగుసార్లు తొక్కితే గట్టిపడుతున్నదా? గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు. స్లేవ్ సిలిండరు రబ్బరు తొడుగు లోపల తడి ఉంటే కారుతున్నట్లే. ఇవన్నీ ఇంటి ముంగిట చూసుకోదగినవే. ఉత్తరపారాలో 2014లో ఉత్పత్తి ఆగిపోయిన బండిని ఊరకే విప్పించడం నా దృష్టిలో అపచారం. అన్నట్టు, బ్రేక్ ఆయిలు కారు రంగును తినేస్తుంది సుమండీ. పక్కనే పాతగుడ్డ ఉంచుకోండి.