రంగు పూసిన పంజరము

పాతసామానుల అంగడిలో పక్షిపంజరము కొనువాడు మొదట చూచునది దాని రంగు. అమ్మువాడు మొదట చేయునదియు కమ్మీలపై రంగు పూయుటయే. మన బళ్ళారిలో లవ్‌బర్డ్స్ అని పిలుచుకొను చిన్నపిట్టలను పెంచు వేడుకగలవారి యిండ్లనుండి ఈ పంజరములు అటకలకును, అటకలనుండి అంగళ్ళకును, అచ్చటినుండి మరియొక యింటికిని చేరుచుండును గనుక, రంగు మలినమును కప్పునే గాని కడుగదని గట్టిగా చెప్పవలసియున్నది. పైపెచ్చు పిట్టలు కమ్మీలను ఎడతెగక కొరుకుచుండును. ఆ రంగులో సీసమున్నచో అది వాని కడుపులోనికే పోవును. కంటికి మాసినట్లు తోచు పంజరమే నా మతమున నమ్మదగినది, అది తన దోషమును దాచుకొనదు గదా!

కనబడని మలినము సంగతి వేరు. పక్షుల రక్తము త్రాగి బ్రతుకు ఎర్రనల్లి పగలెల్ల కమ్మీల అతుకులలోను, కూర్చుండు కర్రల పగుళ్ళలోను దాగియుండి రాత్రివేళ బయల్వెడలును. ఆహారము లేకయు నెలల తరబడి జీవింపగలదు గనుక, చాలకాలము ఖాళీగానున్న పంజరమని నిశ్చింత వహింపరాదు. త్రాగినపుడు ఎర్రగాను, ఆకొన్నపుడు బూడిదవన్నెగాను ఉండు ఈ చిన్నజీవిని, సండూరు గనుల ఎర్రధూళికి అలవాటుపడిన మన కన్నులు దుమ్మేయని త్రోసివేయుట సులభము. పాత కొయ్యకర్రలను కడుగబూనక పారవేసి, సన్నవియు లావువియునగు వేపకొమ్మలను అమర్చుట మేలు.

ఎండిన రెట్టను పొడిగా గీకరాదు. 1929–30లో చిలుకలనుండి మనుష్యులకు సోకి పెక్కు దేశములలో ప్రాణములు గొన్న సిట్టకోసిస్ జ్వరము అట్టి ధూళిని పీల్చుటవలన వచ్చునదియే. మన జిల్లాలోనే 2025లో సండూరు తాలూకా కురేకుప్పలో కోళ్ళకు పక్షిజ్వరము తగిలిన పిమ్మట, రెట్ట విషయమై అశ్రద్ధకు మనకు సాకు మిగులలేదు. కావున ముక్కునకు గుడ్డ కట్టుకొని, నీరు చిలకరించి నానబెట్టి, అడుగుపళ్ళెము ఊడదీసి, వేడి సబ్బునీటితో అతుకతుకును తోమి, అంతయు శుభ్రమైన తరువాతనే పలుచని బ్లీచింగుపొడి నీటిని పట్టించి, పది నిమిషములు తాళి, వాసన పూర్తిగా పోవువరకు కడుగవలెను. తోమకయే బ్లీచింగు చల్లువారు తమ శ్రమను వ్యర్థపుచ్చుకొనుచున్నారు, రెట్టయున్నచోట ఆ మందు తన బలమును దానిపైననే వ్యయపరచును. బ్లీచింగుతో వెనిగరు కలుపుట మరింత ప్రమాదము. విషమైన క్లోరిన్ వాయువు పుట్టును. తుదకు ఎండ: బళ్ళారి వేసవిని ఏడాది పొడుగున నిందించువారు ఈ ఒక్క పనికైనను దానిని మెచ్చుకొనక తప్పదు.

రామచిలుకను మాత్రము ఎంత శుద్ధమైన పంజరమునందును ఉంచరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అందుకు అంగీకరింపదు.

ఇక అమ్మువానిని అడుగవలసియు మనవారు మొగమాటముచే అడుగని ప్రశ్న యొకటి కలదు: ఇందలి పూర్వపు పక్షులు ఏమైనవి? ఎగిరిపోయినవనినను, బంధువులకిచ్చితిమనినను సరియే. ఒకదానివెంట నొకటి చచ్చినవని తెలిసినచో, వెల సగమునకు సగము తగ్గించినను ఆ పంజరమును అచ్చటనే విడిచి రావలెను.