వీపు నొప్పికి విలువ లేదా?

నడుం నొప్పి అంటే ఇంట్లో ఎవరో ఒకరు 'డాక్టరుకి చూపించుకోరాదూ' అంటారు. అదే రెండు రెక్కల మధ్య వీపులో నొప్పి అంటే మాత్రం 'గ్యాసేమో, అమృతాంజనం రాసుకో' అనేస్తారు. వాళ్లని అనుకుని ఏం లాభం? మనకు మనం చెప్పుకునే మాట కూడా అదేగా!

ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడకకొచ్చే తార్నాక, హబ్సిగూడ ఆడవాళ్ల మాటల్లో ఈ నొప్పి దొర్లని రోజుండదు. హాస్టల్ మంచం మీద వంగి కూర్చుని పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లలదీ అదే గోల. నిజానికి వీటిలో చాలావరకు కండరాల నొప్పులే. కూర్చునే తీరు మార్చుకుని, కాస్త ఒళ్లు కదిలిస్తే తగ్గిపోతాయి. ప్రతి నొప్పికీ ఎమ్మారై అక్కర్లేదు.

మెడకీ నడుముకీ మధ్య 12 వెన్నుపూసలుంటాయి. పూసకీ పూసకీ నడుమ మెత్తటి డిస్కు ఉంటుంది. ఈ భాగాన్ని పక్కటెముకలు పట్టి ఉంచుతాయి కనుక ఇది అంతగా వంగదు. అందుకే ఇక్కడ డిస్కు జారి బాధపెట్టడం చాలా అరుదు. అలాంటి కేసులన్నిటిలో నూటికి ఒకటి కూడా ఉండదు. వయసుతో డిస్కు అరిగిపోవడమే ముఖ్య కారణం. కిందపడడం, బండి ప్రమాదం లాంటి దెబ్బలూ కొందరిలో కారణమవుతాయి. డిస్కు జారినా ఏ బాధా తెలియని వాళ్లూ చాలామందే.

అయితే ఇక్కడ వెన్నుపాముండే దారి ఇరుకు. డిస్కు నరాన్ని నొక్కితే నొప్పి పక్కటెముక వెంట ముందుకొచ్చి, ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టుంటుంది. గుండెనొప్పో, కడుపునొప్పో అనిపిస్తుంది. వెన్నుపామునే నొక్కితే కాళ్లు బరువెక్కుతాయి, నడక తూలుతుంది, స్పర్శ తగ్గుతుంది, మూత్రం మీద అదుపు తప్పుతుంది.

ఇదిగో, ఈ చివరి సంగతే మనం నోరు విప్పి చెప్పం. 'పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలే' అని సరిపెట్టుకుంటాం. మా వీధిలో ఒకావిడకి నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. నెలల తరబడి మోకాళ్ల నొప్పులకే మందులు వాడింది. సిగ్గుపడి దాచిన మాటే డాక్టరుకి అన్నిటికన్నా అవసరమైన మాట.

ఛాతీ నొప్పితో ఆయాసం, చెమట ఉంటే ముందు గుండె పరీక్ష, అదీ వెంటనే. నడకలోనో, స్పర్శలోనో, మూత్రం విషయంలోనో తేడా వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉన్నా ఆగకూడదు. వెన్నెముకకి పట్టే క్షయ కూడా తరచు ఈ భాగంలోనే కనిపిస్తుంది. ఇవేవీ తేల్చుకోకుండా వీపు తొక్కించుకోవడం, పట్లు విరిపించుకోవడం ప్రమాదం.

ఇంకో మాట. డాక్టరు మనల్ని ప్రశ్న అడిగితే పక్కనున్న ఆయన జవాబు చెప్పేస్తుంటారు, 'ఏం లేదండీ, పని ఎక్కువై' అంటూ. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, కాళ్లలో ఏమైనా తేడా ఉందా అన్నవి మన నోటితోనే చెప్పాలి. మోస్తున్నది మన వీపు కదా!