ఒక్కరోజుకి ఓడ దిగినట్టు

షికారు ఓడల సంగతి మీరూ వినే ఉంటారు. రాత్రంతా నడిచి, తెల్లారేసరికి ఏదో రేవులో ఆగుతాయి. దిగినవాళ్లు ఊరంతా చుట్టబెట్టి సాయంత్రం చెప్పిన గంటకి ఎక్కెయ్యాలి. ఆలస్యమైతే ఓడ ఎవరికోసమూ ఆగదు. 2022 జూన్‌లో చెన్నై నుంచి కార్డీలియా అనే ఓడ విశాఖపట్నం వచ్చినప్పుడు ఈ పద్ధతి విని నాకు నవ్వొచ్చింది. ఇందులో కొత్తేముంది చెప్పండి? మనం ఏ ఊరెళ్లినా అంతేగా! పొద్దున వంట ముగించి బయటపడాలి, దీపాలవేళకి ఇంట్లో ఉండాలి.

మన నెల్లూరు తీరానికి అలాంటి ఓడలు రావు. కృష్ణపట్నం ఉంది గానీ అది సరకుల రేవు. అయినా ఓడ దిగినవాళ్లలాగే ఒక్క పూటలో చూసి రాదగ్గ పాత రేవు ఊరు మనకి దగ్గర్లోనే ఉంది. అదే పులికాట్. తమిళులు పళవేర్కాడు అంటారు. మన పెద్దవాళ్ల నోట ప్రళయకావేరి. సరస్సులో ఎక్కువ భాగం మనవైపే ఉన్నా (2022లో జిల్లాలు విడదీశాక సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది), ఊరు మాత్రం తమిళనాడులో ఉంది. తమిళం రాదని జంకకండి. తెలుగు తెలిసినవాళ్లు అక్కడ బాగానే దొరుకుతారు.

నెల్లూరు నుంచి తెల్లవారుజామున రైలెక్కి సూళ్లూరుపేటలో దిగితే అక్కణ్ణించి చెన్నై లోకల్ బండ్లుంటాయి. పొన్నేరిలో దిగి బస్సు పట్టుకోవాలి. తిరుగు బండి వేళ ముందే కాగితం మీద రాసుకోండి, అదే మన ఓడ. బాత్రూము పని పొన్నేరిలోనే కానిచ్చేసుకోండి. చెప్పడానికి మొహమాటమే గానీ, ఆడవాళ్ల ప్రయాణాలు సగం పాడయ్యేది ఇక్కడే. భోజనానికి చింతపండు పులిహోరే నయం. పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలలైతే ఎండ బాధ ఉండదు.

ఊళ్లో దిగగానే కోట ఎక్కడా అని వెతక్కండి, కనబడదు. చుట్టూ కందకం, మధ్యలో తుప్పలు, మట్టి దిబ్బలు, అంతే. డచ్చివాళ్లు (మన పాతవాళ్లు వలందావాళ్లు అనేవారు) 1613లో కట్టిన గెల్డ్రియా కోట అదే. అప్పట్లో ఈ ఊరు విజయనగర రాజు రెండో వేంకటపతిరాయల రాణి గారి చేతిలో ఉండేది. 1610లో ఇక్కడ వ్యాపారం చేసుకోనిమ్మని రాయలవారితో డచ్చివాళ్లు ఒప్పందం చేసుకున్నారు. రెండేళ్లకే పోర్చుగీసువాళ్లు వచ్చి వాళ్ల కొట్లు పాడుచేశారు. అందుకే కోట. ఆ తర్వాత 1690 దాకా, అంటే నాగపట్నం మారేదాకా, ఈ తీరమంతటికీ డచ్చివాళ్ల పెద్ద ఠాణా ఇదే.

వాళ్లు ఇంతదూరం ఎందుకొచ్చారనుకున్నారు? మన నేతబట్టల కోసం. ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే వెండి ఇచ్చినా అంత సులువు కాదు, ఈ తీరపు బట్ట ఇస్తే పని జరిగేది. మన పోపులపెట్టెలో ఉండే లవంగం వెనక ఇంత కథ ఉంది. మలేషియా, ఇండోనేషియాల్లో మగవాళ్లు కట్టే గళ్ల లుంగీని ఇప్పటికీ 'పెలేకాట్' అంటారు. పులికాట్ పేరే అది. మీ ఇంట్లో దండెం మీద ఆరేస్తున్న గళ్ల లుంగీని ఈసారి కాస్త మర్యాదగా మడత పెట్టండి!

ఇంగ్లీషువాళ్లూ మొదట ఇక్కడే తంటాలు పడ్డారు. డచ్చివాళ్లు కుదురుగా ఉండనివ్వకపోయేసరికి 1626లో మన వాకాడు దగ్గరి దుగరాజపట్నంలో కొట్టు పెట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో ఆ ఊరు పేరు ఆర్మగాన్. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే అనే ఆయనే తర్వాత దక్షిణానికి పోయి మద్రాసుకి చోటు చూసుకున్నాడు. 1639 నాటి మాట. దుగరాజపట్నానికి కాలం కలిసొచ్చి ఉంటే మనం పట్టుచీరలకి చెన్నై కాకుండా వాకాడు వెళ్లేవాళ్లమేమో!

కోట దగ్గరే పాత డచ్చి శ్మశానం. గేటుకి అటొకటి ఇటొకటి రాతిలో చెక్కిన అస్థిపంజరాలు. పిల్లల్ని తీసుకెళితే ముందే చెప్పి ఉంచండి. లోపలి రాళ్ల మీద చెక్కడం చూస్తే కళ్లు తిప్పుకోలేరు. పూలు, తీగలు, వంశపు గుర్తులు, పొడుగాటి రాతలు. భాష రాకపోయినా ఏళ్లు చదవచ్చు. సముద్రాలు దాటి వచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్లు.

అయితే ఇదే రేవులోంచి ఇంకోరకం ప్రయాణాలూ జరిగాయి. కరువొచ్చిన ఏళ్లలో తిండి లేక అమ్ముడుపోయిన మనుషుల్ని, అందులో ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా, డచ్చివాళ్లు ఓడలకెక్కించి బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, బానిసలుగా పంపేవారు. వాళ్లకి సాయంత్రం తిరుగు ఓడ లేదు. వాళ్ల పేర్లు చెక్కిన రాయి ఇక్కడ ఎక్కడా లేదు. ఆ గేటు దగ్గర నిలబడితే లోపలి సమాధులకంటే వాళ్లే ఎక్కువ గుర్తొస్తారు.

మధ్యాహ్నం సరస్సు ఒడ్డుకి రండి. చిలక తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇంకోటి లేదు. పడవవాళ్లు చుట్టూ చేరి, పదండమ్మా తిప్పి తెస్తాం అంటారు. వద్దు. నేను పిరికిదాన్నని మీరనుకున్నా సరే. 2011 డిసెంబరు 25న పండగ సరదాకి పడవెక్కినవాళ్లలో 22 మంది ఈ నీళ్లలోనే పోయారు. పడవలో ఎక్కువమందిని ఎక్కించారు, ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. ఆ తర్వాత షికారు పడవలు నిషేధించారు. చాలాచోట్ల నడుము లోతైనా లేదు కదా అని ఎవరైనా అంటే నమ్మకండి, సముద్రంలో కలిసే ముఖం దగ్గర వేరు. పిల్లలు మారాం చేస్తే చేయనివ్వండి, ఒడ్డునే కూచోబెట్టి పులిహోర పెట్టండి.

పక్షులు చూడాలంటే పడవే అక్కర్లేదు. వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో సూళ్లూరుపేటలో గంట మిగిలితే ఆటో మాట్లాడుకుని శ్రీహరికోట రోడ్డు మీద అటకానితిప్ప దాకా వెళ్లండి. రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో రెండువైపులా ఫ్లెమింగోలు, గులాబీరంగు పూసినట్టు.

కొనుక్కోవడానికి? పులికాట్‌లో ముస్లిం ఇళ్లలో ఆడవాళ్లు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతారు. రంగులు చూస్తే వదలబుద్ధి కాదు. బేరం మరీ పిండకండమ్మా, ఒక్కో బుట్టకి ఎంత ఓపిక కావాలో అల్లికలు చేసే మనకి తెలియనిదా! మూతున్నది తీసుకుంటే అప్పడాలకి, వడియాలకి బాగుంటుంది. తడి తగలనివ్వకండి.

రొయ్యలు, పీతలు చివరికి కొనండి, పొద్దున్నే కొని ఊరంతా మొయ్యకండి. రొయ్య తల ఒంటికి గట్టిగా పట్టుకుని, పెంకు మెరుస్తూ ఉండాలి. తల ఊగుతూ నల్లబడితే ఎంత చవకైనా వదిలెయ్యండి. ఇంటి నుంచే మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా పట్టుకెళ్లి, అడుగున ఐసు వేయించుకుని, తల తీయించిన రొయ్యలకి ఉప్పు, పసుపు రాసి సర్దండి, పైన మళ్లీ ఐసు. రైల్లో పక్కవాళ్లు ముక్కు మూసుకోకుండా నెల్లూరు చేరతారు. ఆ రాత్రికి పులుసు పెట్టే ఓపిక ఉండదు. ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, కరివేపాకు వేసి వేపుడు చేసి చారు కాచండి చాలు. ఓడ దిగొచ్చిన మనిషి కదా అని అన్నం మాత్రం ఆయన్నే వండి ఉంచమనండి.