కొండదారి విడిదులు

స్కాట్లండు దేశపు పర్వతసీమలలో, జనావాసములకు మిక్కిలి దూరముగా, చిన్న చిన్న రాతి యిండ్లు అక్కడక్కడ నిలిచియున్నవి. వానిని ఆ దేశమువారు 'బోతీ'లందురు. తలుపునకు తాళముండదు. అద్దె లేదు, కావలివాడు లేడు. కొండలలో నడచువాడు లోనికి పోయి, ఆ రాత్రి తలదాచుకొని, తెల్లవారిన పిదప ఊడ్చి, తలుపు దగ్గరగా వేసి తన దారిని తాను పోవును. ఇవి బాటసారులకై కట్టినవి కావు. గొఱ్ఱెల కాపరులును, దుప్పుల వేటభూములను కాచువారును ఒకప్పుడు కాపురమున్నవి. కేర్న్‌గార్మ్ పర్వతములలోని కొరౌర్ బోతీ అట్టి కావలివానికై 1877లో కట్టబడినది. మనుష్యులు వెడలిపోయిరి; గోడలు మిగిలినవి.

కూలిపోవుచున్న ఆ గోడలను నిలుపుటకై 1965లో 'మౌంటెన్ బోతీస్ అసోసియేషన్' అను సంఘము ఏర్పడినది. సభ్యులు తమ సెలవుదినములలో కొయ్యయు, సిమెంటును, రేకులును చేరవైచి, జీతము లేకయే మరమ్మతు చేయుదురు. నేడు సుమారు 100 ఇండ్లు వారి పోషణలో నున్నవి. అయితే వానిలో దాదాపు అన్నిటికిని నేలయు, గోడయు యజమానులవే. సంఘమునకున్నది అనుమతి మాత్రమే.

ఇక్కడనే చిక్కు కలదు. స్కాట్లండు పార్లమెంటు 2003లో చేసిన భూసంస్కరణ చట్టము, భూమి ఎవరిదైనను బాధ్యతతో మెలగు ప్రతి వానికిని కొండలపై నడచుటకు హక్కు నిచ్చినది. లోకమున నింత ఉదారమైన చట్టములు కొన్ని మాత్రమే. కాని ఆ హక్కు కట్టడములకు వర్తింపదు. కొండ యెక్కుటకు హక్కు కలదు. వాన వచ్చినచో గడప దాటుటకు లేదు!

ఆర్డ్‌నిష్ ద్వీపకల్పమున, జనము విడిచిపోయిన పల్లెలో, పీన్‌మీనక్ అను బోతీ యుండెను. చిరకాలము ఎల్లరకును తెఱచియుండిన ఆ యింటిని 2020లో యజమానులు తిరిగి తమ స్వాధీనమునకు తెచ్చుకొనిరి. ఇప్పుడు ముందుగా పైకము చెల్లించిన వారికే అందు బస.

ఇందు తప్పెల్ల యజమానులదే యని మేము అనజాలము. పూర్వము బోతీల జాడ నోటిమాటగా కొలదిమందికే తెలియుచుండెను. 2009లో సంఘమే వాని స్థానములను అంతర్జాలమున ప్రకటించినది. 2017లో వానిని గూర్చిన మార్గదర్శి గ్రంథమొకటి వెలువడినది. గుంపులు పెరిగినవి. చెత్తను వదలి పోవువారు, పచ్చని చెట్లను వంటచెఱకుగా నరకువారు, ఇంటి చుట్టును మలినము చేయువారు బయలుదేరిరి. ఉచితముగా నిచ్చిన యింటి నిట్లు చూచినచో ఏ గృహస్థుడు ఓర్చును?

అయినను గృహస్థుని ఓర్పుపైననే ఒక లోయ యంతటి ఆశ్రయము వ్రేలాడుచుండుట న్యాయముగా తోపదు. ఆ దేశపు ప్రైవేటు గ్రామభూములలో సగము 500 మందికి లోపగు యజమానుల చేతిలో నున్నదని లెక్కగట్టిరి. ఒక్కరి మనసు మారిన, లేక భూమి చేతులు మారిన, మైళ్ళకొలది దారిలో నున్న ఒకే కప్పు మూతపడవచ్చును.

ఆశ్రయములే అపాయహేతువులను వాదమును కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. 1971 నవంబరులో ఎడింబరో నగరపు విద్యార్థులు కొందఱు కేర్న్‌గార్మ్ పీఠభూమిపై నున్న ఒక చిన్న ఆశ్రయమును చేరబోయి, మంచుతుపానులో చిక్కుకొనిరి. ఐదుగురు విద్యార్థులును, వారికి తోడు వచ్చిన యువతియు మరణించిరి. వారు మన పాఠశాల పిల్లల యీడువారే. విచారణ జరిగిన పిదప, మంచులో కానరాక మోసపుచ్చు అట్టి ఎత్తైన ఆశ్రయములలో కొన్నిటిని 1975లో తొలగించిరి. ఆ నిర్ణయమును మేము గౌరవింతుము. అది బహిరంగ విచారణపై, కారణములు చెప్పి చేసినది. లోయలోని యింటిని ఒక్క జాబుతో మూసివేయుట వేఱు.

మన పెద్దలీ చిక్కును ఎఱిగియే యుండిరి. సత్రము కట్టించిన దాత దానికి మాన్యము వ్రాసి, ఆచంద్రార్కముగా సాగవలెనని శిలపై చెక్కించెడివాడు. చెఱచువాడు పాపమున పోవునని క్రింద శాపవాక్యమును చేర్చెడివాడు. తన వారసుని మనసును కూడ నమ్మకపోవుట ఆ దాత వివేకము! శాసనములున్నను ఎన్ని సత్రములు పాడుపడినవో మనకు తెలియును. అయినను అడుగువానికి చూపుటకొక వ్రాత మిగిలినది. బోతీకి అదియు లేదు.

కావున మా అభిప్రాయమిది. బోతీల విషయమున మాటతో గాక, ఇన్ని సంవత్సరములకని పత్రముతో ఒడంబడిక జరుగవలెను. భూమిని కొన్నవానికిని అది కట్టుబాటు కావలెను. మూయదలచినచో ఒక సంవత్సరము ముందుగా తెలిపి, కారణము చెప్పవలెను. వేటకాలమున కొన్ని యిండ్లకు విరామమిచ్చు ఆచారము ఇప్పటికే కలదు, దానిని పాటింపవలెను. పెద్ద గుంపులు రాకుండ సంఘము పెట్టిన నియమమును నడచువారు తమ మేలునకే అనుసరింపవలెను.

కొరౌర్ బోతీ యున్న భూమిని 1995లో నేషనల్ ట్రస్టు ఫర్ స్కాట్లండు కొన్నది. అది ప్రజలకై ఏర్పడిన ధర్మసంస్థ. అట్లు కొనుట ప్రతిచోట సాధ్యము కాదు. అంత ధనము లేదు. ఒడంబడికకు కాగితమే చాలును. నడకకు హక్కు వ్రాసిన పార్లమెంటు గడపను గూర్చియు నాలుగు పంక్తులు వ్రాయగలదు.