ఎండకు కందే ముఖానికి నిమ్మరసమా?

కొందరి ముఖం పొయ్యి ఎదుట పది నిమిషాలు నిలిచినా, వైశాఖపు ఎండలో వీధి చివరి వరకు వెళ్లి వచ్చినా కందిపోతుంది. చెంపలు సెగలు కక్కుతాయి. సబ్బు తగిలితే చురుక్కుమంటుంది. నాది అటువంటి చర్మమే. చామనచాయ వారిలో ఎరుపు అంతగా పైకి కానరాదు గనుక, మంట అంటే ఇంటిల్లిపాదీ నమ్మరు కూడాను!

నా చెల్లెలి వివాహానికి వారం రోజుల ముందు, ఆప్తుల మాట విని శనగపిండిలో పసుపు, నిమ్మరసం కలిపి ముఖానికి పట్టించాను. పెళ్లినాటికి చెంపలు పొలుసులు లేచాయి. ఫోటోలన్నింటిలోను కొంగు చాటుననే ఉన్నాను. పిదప మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న లేపనం మూడు రోజులలో హాయినిచ్చింది. ఆరు నెలలు వదలలేదు. మానిన వారానికే మంట రెండింతలై తిరిగి వచ్చింది. అది స్టెరాయిడ్ మందు అని అప్పుడు తెలిసింది. ఇటువంటి లేపనాలు పెక్కింటిని డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. అడిగినంతనే ఇచ్చే దుకాణాలు నేటికీ లేకపోలేదు. చాలాకాలంగా వాడుతున్నవారు తమంతట తాము మానక, చర్మవైద్యుని సలహాతో తగ్గించుకోవాలి.

చివరకు నన్ను చూసిన ఒక వృద్ధ ఆయుర్వేద వైద్యుడు, "మూడు వారాలు ముఖానికి ఏమీ రాయకమ్మా" అన్నారు. మందే ఇవ్వలేదని ఆనాడు నొచ్చుకున్నాను గాని, ఆయన మాటే నిజమైంది.

వంటింటిలో ఉన్నంత మాత్రాన ఏ వస్తువైనా ముఖానికి నిరపాయకరమని భావించడం మన గృహవైద్యంలోని పెద్ద పొరపాటని నా అభిప్రాయం. చర్మంలోని పిత్తాన్ని వాగ్భటుడు భ్రాజకమన్నాడు. అది ప్రకోపించిన చోట పులుపును, కారాన్ని రుద్దడం అగ్నిలో ఆజ్యం పోయడమే. నిమ్మరసం చర్మపు సహజ ఆమ్లత్వం కంటె ఎన్నో రెట్లు పులుపు. అది రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలు కూడా లేవవచ్చు. పెరుగు చలువని మన నమ్మకం. అష్టాంగ హృదయమో, దానిని ఉష్ణద్రవ్యాలలో చేర్చింది!

చరకుడు దాహప్రశమనాలుగా, అనగా మంటను చల్లార్చేవిగా, 10 ద్రవ్యాలు చెప్పాడు. వాటిలో చందనం, వట్టివేరు, సుగంధిపాల మనకు పరిచితాలే. నేను వట్టివేళ్లను శుభ్రంగా కడిగి, కాచి చల్లార్చిన నీటిలో రాత్రంతా నానవేస్తాను. ఉదయం వడగట్టి, పలుచని నూలుగుడ్డను అందులో తడిపి, పిండి, చెంపలపై పది నిమిషాలు ఉంచుతాను. రుద్దను. మంచుగడ్డ జోలికి పోను. గంధమైతే సానపై అరగదీసినదే కావాలి. పొట్లాల పొడిలో ఏమి కలిసినదో ఎవరికెరుక? ఏదైనా ముందుగా మోచేతి మడతపై రాసి రెండు రోజులు చూడండి.

పూతల కంటె మెలకువలే నాకు ఎక్కువ మేలు చేశాయి. కుక్కరు మూత తీసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవడం, తాలింపు ఘాటుకు దూరంగా నిలవడం, ఎండలో గొడుగు.

చెంపలపై ఎర్రని పొక్కులు లేచి కళ్లు కూడా మండుతుంటే రోసేషియా కావచ్చు. ముక్కుకు ఇరువైపులా మచ్చతోపాటు కీళ్లనొప్పులు, జ్వరం ఉంటే లూపస్ అనే వ్యాధి కావచ్చు. వాటికి వట్టివేరు చాలదు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇక కాఫీ. పొగలు కక్కే పానీయమేదైనా చెంపలను మండిస్తుంది గనుక గోరువెచ్చగా త్రాగాలి. ఈ ఒక్క పథ్యమే నాకింకా అలవడలేదు.