ఫిన్లాండు స్త్రీల పాట – శుద్ధివాదుల యాక్షేపణములు

జానపద గేయములను గూర్చి మాటలాడు పండితులలో నొక వర్గమువారికి దృఢమైన సిద్ధాంత మొకటి కలదు. పాత పాట యెట్లు దొరకినదో యట్లే యుండవలెననియు, దానికి కొత్త స్వరముగాని కొత్త వాద్యముగాని చేర్చినచో నది చెడిపోవుననియు వారు చెప్పుదురు. వినుట కీ మాట భక్తితో గూడినదిగా తోచును. కాని ఫిన్లాండు దేశపు స్త్రీలు బృందములుగా జేరి పాడుచున్న పాటల కీ సిద్ధాంతము నన్వయించి చూచినచో, దానిలో భక్తి యెంత, పక్షపాత మెంత యను విషయము తేటతెల్లమగును. ఆ పరీక్షయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా వస్తుస్థితిని జెప్పెదను. ఫిన్లాండు తూర్పు సరిహద్దున ఉత్తర కరేలియా యను సీమ గలదు. అందలి ర్యాక్కులా యను పల్లెలో 1983వ సంవత్సరమున సారి కాసినెన్, మారి కాసినెన్ అను అక్కచెల్లెండ్రు ‘వార్తినా’ యను పాటకూటమి నారంభించిరి. ఆ మాటకు కదురు అని యర్థము. పల్లెలోని పిల్లలతో మొదలైన యా కూటమి యొక కాలమున ఇరువదియొక్క మంది వరకు పెరిగినది. 1987లో వారి మొదటి రికార్డు వెలువడెను. 1990 నాటికి పలువురు విడిపోగా, మిగిలినవారు కూటమిని కొత్తగా కూర్చుకొనిరి. వారిలో కొందరు హెల్సింకి నగరమునందలి సిబేలియస్ సంగీత విద్యాలయమున జేరి చదివినవారు. 1991లో వచ్చిన ‘ఓయ్ దాయ్’, 1992లో వచ్చిన ‘సెలెనికో’ అను రికార్డులు వారిని యూరపు ఖండమంతట నెరుకపరచినవి. వారి వెనుక మరికొన్ని స్త్రీల బృందములు బయలుదేరినవి.

వీరి పాట తలవంచి, గొంతు సన్నగిలజేసికొని పాడునది కాదు. పొలములో దూరముగా నున్న మనిషిని కేకవేసి పిలిచినట్లు, రొమ్ములోనుండి నిండుగా సూటిగా వచ్చు కంఠ మది. ఒక్కతె చరణము నెత్తుకొనును. తక్కినవారు దాని నందుకొందురు. అందరి స్వరమును ఒక్కటిగా నుండదు. ఒకరి స్వరమునకు మరియొకరి స్వరము మిక్కిలి దగ్గరగా నిలిచి, దాని నొరసికొనుచు సాగును. మనవారు ఖండగతి యని చెప్పునట్టి ఐదు లెక్కల నడక తరచుగా వినబడును. పద్యము ప్రాచీనమైనది: పాదమున కెనిమిది యక్షరములు, మాటల మొదట ఒకే ధ్వని మరల మరల వచ్చుట, మొదటి పాదమున జెప్పిన దానినే రెండవ పాదమున వేరుమాటలతో జెప్పుట – ఇవి దాని లక్షణములు. అంత్యప్రాస దాని కక్కరలేదు.

ఇక నాక్షేపణలు. మొదటిది: కరేలియాలోని ప్రాచీన గేయము ప్రాయికముగా నేకస్వరమైనది, పలుస్వరముల కూర్పు తరువాత నతికినది, కాబట్టి యిది జానపదము గాదు అని. ఇందలి పూర్వభాగము సత్యమే. ఉత్తరభాగ మెట్లు సిద్ధించును? ఫిన్నులకు భాషాబంధువులైన సేతు జనులు ఎస్టోనియా దక్షిణపు కొననున్నారు. వారి స్త్రీలు ‘లేలో’ యను పాటను తరతరములుగా పలుస్వరములతోనే పాడుచున్నారు. నాయకురాలు పాదము నెత్తుకొనగా బృందము దాని నందుకొనును. ఆ బృందమునకు పైస్థాయిలో నొక్క కంఠము ప్రత్యేకముగా మ్రోగుచుండును. 2009లో యునెస్కో సంస్థ దానిని మానవజాతి సంప్రదాయ సంపదల పట్టికలో జేర్చినది. పొరుగింటి బంధువునొద్ద నేర్చుకొనుట జానపదమునకు దోషమైనచో, లోకములో జానపద మన్నదే మిగులదు. పాట యెన్నడును కంచెలోపల పెరుగలేదు. కోడలితో కూడ నొక యూరినుండి మరియొక యూరికి పోయినది.

అంతకంటె ముఖ్యమైన విషయ మింకొకటి. ఈ శుద్ధివాదులు తలపై బెట్టుకొని పూజించు ‘కలేవల’ మహాకావ్య మెట్లు పుట్టినది? ఎలియాస్ లోన్‌రోత్ అను వైద్యుడు పల్లెలు తిరిగి గాయకులనుండి పాటలు వ్రాసికొనెను. 1835లో నొక కూర్పును, 1849లో దానిని పెంచి 22,795 పాదముల గ్రంథమును బ్రకటించెను. వేరువేరు గాయకులు వేరువేరు చోట్ల పాడిన పాటలను విడదీసి, జతపరచి, వరుస మార్చి, నడుమ నతుకులకు తానే పాదములు వ్రాసి యొక కథగా నడిపెను. ఇది రహస్యము గాదు. దీనిని కల్తీ యని యెవరైన ననిరా? జాతికి ప్రాణము పోసిన మహాకార్య మనిరి. దానికొక ప్రత్యేక దినము నేర్పరచి యుత్సవము చేయుచున్నారు. చేయదగినదే, నేను కాదనను. కాని చదువుకొన్న పురుషుడు వేల పాదములు కలిపి కుట్టినచో కావ్యనిర్మాణమును, పల్లెపడుచు తన యవ్వ పాటకు రెండవ స్వరము జేర్చినచో సంప్రదాయ భంగమును నగునా? ఇది యే తూనిక?

ఈ తూనిక నేటిది కాదు. లోన్‌రోత్ 1840లో ‘కాంతెలెతార్’ అను మరియొక సంకలనమును వెలువరించెను. అందలి పాటలలో చాల భాగము స్త్రీలవి. 1838లో ఇలోమాంత్సి సీమలో మాతెలి కుయివలతార్ అను నామె పాడిన పాటలు దానికి ముఖ్యమైన యాధారములలో నొకటి. అయినను వీరుల కథలకు మహాకావ్య మను పీఠము దొరకగా, స్త్రీల కష్టసుఖములకు ‘చిన్న పాటలు’ అను పీట మాత్రమే దొరికినది. లారిన్ పరస్కె చరిత్ర మింకను స్పష్టము. ఇంగ్రియాలో 1833లో బుట్టిన యీ కూలిమనిషి నోటినుండి 1,200లకు పైబడిన గేయములు, ఇంచుమించు 32,000 పాదములు వ్రాసికొనబడినవి. 1891లో సిబేలియస్ ఆమె పాట వినెను. పేరొందిన చిత్రకారు లామె బొమ్మలు గీచిరి. 1904లో ఆమె బీదరికముననే కన్నుమూసెను. ఇప్పుడు హెల్సింకిలో నామెకు విగ్రహము గలదు. ఆకలిగొన్నప్పుడు పెట్టని కూడును విగ్రహమున కేమి నైవేద్యము పెట్టగలము? అట్టివారి మనుమరాండ్రు గొంతెత్తినప్పుడైన వినుట మన కర్తవ్యము గదా.

రెండవ యాక్షేపణ మర్యాదకు సంబంధించినది. ఈ కంఠము కర్కశమట; స్త్రీల పాట ఇంటి సొత్తట; రంగస్థలమున కేకలు పెట్టుట తగదట. ఈ మాట లాడువారు ఆ పాటలలో నేమున్నదో చదివినవారు కారు. ఇష్టము లేని పెండ్లి, అత్తవారింటి వెట్టి, త్రాగుబోతు మగడు, పుట్టింటిపై బెంగ, ఊరి కుఱ్ఱవాండ్ర నెగతాళి చేయుట, మంత్రపు మాటలు – ఇవి యందలి వస్తువులు. పెండ్లికూతురు పుట్టిల్లు విడుచునప్పుడును, చనిపోయినవారిని సాగనంపునప్పుడును కరేలియా స్త్రీలు పాడు శోకములు వేరొక పెద్ద సంపద. ఇట్టి వస్తువును మృదుమధురముగా పాడుమనుట, దెబ్బ తిన్నవానిని రాగయుక్తముగా మూల్గుమనుట వంటిది. ఒక్క స్త్రీ తన మగని దోషమును జెప్పినచో గయ్యాళి యందురు. పదిమంది స్త్రీలు గొంతు గలిపి చెప్పినప్పు డది లోకముయొక్క మాట యగును. స్వరముపై స్వరము నిలుపుటలో నాకు దోచు సారస్య మిదియే: ఎవరి స్వరము వారు విడువలేదు, ఎవరును ఒంటరిగాను లేరు.

ఫిన్లాండు స్త్రీలు 1906లోనే వోటుహక్కును, శాసనసభకు నిలుచు హక్కును పొందిరి. మరుసటి యేడు పందొమ్మిదిమంది సభ్యురాండ్రుగా నెన్నికైరి. ఐరోపాలో నదియే మొదలు. అంతటి దేశమున గూడ స్త్రీ గొంతు శాసనసభలో వినుటకు సమ్మతించినవారు, పాటలో దాని నిండుదనమును వినుటకు సంకోచించినచో, సంస్కారము చట్టముతోనే ముగియదని గ్రహింపవలెను.

మూడవ యాక్షేపణ వ్యాపారమును గూర్చినది. ఢక్కలు, విద్యుద్వాద్యములు, విదేశపు వేదికలు వచ్చిన పిదప పాట యంగడి సరకైనదని వారి మొర. దీనిలో కొంత నిజము గలదు. వాద్యఘోష మాటను మ్రింగివేయగలదు. భాష తెలియని సభలో నేడుపు గూడ వట్టి వింతధ్వని గావచ్చును. 2006లో టొరాంటో నగరమున ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నాటకమునకు మన దేశపు ఏ. ఆర్. రహమానుతో గూడ వార్తినావారు సంగీతము కూర్చిరి. అట్టి మహానాటకములలో కరేలియా పల్లె యెంత మిగులునని యడుగుట న్యాయమే. కాని రోగము చెప్పినంతమాత్రమున వైద్యమైనట్లు కాదు. శుద్ధివాదుల వైద్య మేమి? పాటను పల్లెకు వదలివేయుడని. ఏ పల్లెకు? 1940లోను, మరల 1944లోను కరేలియాలో పెద్దభాగము సోవియట్ రాజ్యము వశమయ్యెను. నాలుగు లక్షలకు పైబడిన ప్రజలు ఇండ్లు వాకిండ్లు విడిచి వలసవచ్చిరి. స్టాలిను పాలనలో ఇంగ్రియా ఫిన్నులు వేలకొలదిగా దూరదేశములకు తరుమబడిరి. పాడిన పల్లె చెదరిపోయిన పిదప పాటకు రెండే చోట్లు మిగులును: ఒకటి భాండాగారములోని బీరువా, రెండవది బ్రతికియున్న గొంతు.

బీరువా నేను నిందింపను. అది లేనిచో నీ గొంతులకు నేర్చుకొన నేమియు మిగిలియుండదు. 1983లో సిబేలియస్ విద్యాలయమున జానపద సంగీతశాఖ నెలకొల్పబడుటచే బీరువాకును గొంతుకును నడుమ దారి యేర్పడినది. వార్తినా గాయనులు 2015లో ‘వియెన’ యను రికార్డును వెలువరించిరి. లోన్‌రోత్ పాటలు సేకరించిన వియెన కరేలియా పల్లెల యాత్ర దానికి మూలము. పాటను చెరుపదలచినవారు దాని పుట్టిల్లు వెదకికొని పోవుదురా?

విజ్ఞులైన చదువరులకు నా మనవి యొక్కటే. ఏ దేశపు జానపద గేయమునైనను విన్నప్పుడు ‘ఇది శుద్ధమా?’ యని మొదట నడుగకుడు. ‘దీనిని పాడినదెవరు? ఆమె పేరు వ్రాసితిరా? ఆమె బ్రతుకు దీనిలో నున్నదా? ఇప్పుడు పాడుచున్నవారు దానిని నేర్చి పాడుచున్నారా?’ అని యడుగుడు. ఈ ప్రశ్నలకు సరియైన యుత్తరము వచ్చినచో, స్వరములు రెండైనను మూడైనను నష్టము లేదు. ఉత్తరము రానిచో, ఏకస్వరమైనను ప్రయోజనము లేదు.