కథాసమీక్షకు రసం పేరు చాలునా?

ప్రాచ్యకళాశాలల విద్యార్థులు వ్రాసే కథాసమీక్షలలో ఒక పద్ధతి స్థిరపడి ఉన్నది. మొదట కథాసంగ్రహం, తరువాత ‘ఇందులో కరుణరసం చక్కగా పోషింపబడినది’ అనే వాక్యం, చివర ప్రశంస. అలంకారశాస్త్రాన్ని ఆధునిక కథకు అన్వయించటం ఇదేనని పలువురి భావన. నిజానికిది అన్వయం కాదు, నామకరణం మాత్రమే.

రసాన్ని దాని పేరుతోనే చెప్పటం కావ్యంలో దోషమని మమ్మటుడు కావ్యప్రకాశం సప్తమోల్లాసంలో నిర్ణయించినాడు. పేరు చెప్పినంత మాత్రాన కావ్యంలో రసం పుట్టనట్లే, సమీక్షలో విమర్శ కూడ పుట్టదు. రసం పేరెత్తకుండ సమీక్ష ఎట్లా వ్రాయటమని ఎవరైన ఆక్షేపించవచ్చు. పేరు ఎత్తవచ్చును, అయితే అది పరిశీలనకు ఫలంగా రావలె గాని, పరిశీలనకు బదులుగా రాకూడదు.

ఆ పరిశీలన ఎంత సూక్ష్మం కావలెనో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో చూపినాడు. విభక్తి, క్రియాప్రత్యయం, వచనం సైతం వ్యంజకాలు కాగలవని ఆయన మతం. ఈ దృష్టి శ్లోకానికే పరిమితం కాదు. మాటల పొందికపైననే నడిచే తెలుగు కథకు ఇది మరింత అవసరం. ఒక పాత్ర మరొక పాత్రను బహువచనంలో పిలుస్తూ ఏకవచనానికి దిగిన చోట సమీక్షకుని చూపు ఆగవలె.

సంప్రదాయవిద్య నేర్చి, వాడుకభాషలో కథలు వ్రాసిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘వడ్లగింజలు’ ఇందుకు తగిన ఉదాహరణ. చదరంగంలో నిపుణుడైన వానికి రాజదర్శనమే దుర్లభమైన కథ అది. సంగ్రహంగా చెబితే, ప్రతిభ అడ్డంకులను గెలిచినదని తేలుతుంది. అద్భుతరసమని ముద్ర వేయవచ్చు. అయితే శీర్షిక వడ్లగింజలపై ఎందుకు నిలిచినది? మొదటి గడిలో ఒక గింజ పెట్టి, గడిగడికి రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళకు మొత్తం 20 అంకెల సంఖ్య అవుతుంది. అల్పంగా తోచిన గింజకు, వాకిట అల్పుడుగా లెక్కింపబడిన మనిషికి గల సామ్యం ఆ శీర్షికలోనే ధ్వనిస్తున్నది. కథాసంగ్రహం దీనిని అందుకోలేదు.

గుణాన్ని వలెనే దోషాన్ని కూడ ఇట్లే చూపవలె. ఔచిత్యవిచారచర్చలో క్షేమేంద్రుడు ప్రతి అంశానికి ఉదాహరణ, ప్రత్యుదాహరణ ఇచ్చినాడు. దోషం చూపుటలో తన శ్లోకాలను సైతం విడిచిపెట్టలేదు. నేటి సమీక్షలలో కొరవడినది ఈ నిష్పక్షపాతమే.

శాస్త్రం పేర్ల పట్టికగా మిగిలిపోతే, ఆధునిక సాహిత్యానికి దానితో పనిలేదనే వారి మాట నిజమవుతుంది. కావున అధ్యాపకులు ‘ఇందులో రసమేది?’ అని అడిగి ఊరకుండక, ‘అది ఏ మాటలో తెలిసినది?’ అని కూడ అడగవలె.